వూడూ బేస్ సాధన: తొమ్మిదో వారం

అమెరికన్ సోల్ గాయకుడు డీ ఆంజెలో ‘వూడూ’ ఆల్బమ్‌లోని ‘చికెన్ గ్రీజ్’ పాట బేస్ లైన్ (బేస్ గిటార్ వాయించే భాగం) ఇన్నాళ్లకు కాస్త కుదిరింది. స్వరాలు మొదటి వారమే వచ్చేశాయి. నడక పట్టుబడటానికే మిగతా రోజులన్నీ పట్టాయి.

2025 అక్టోబరులో డీ ఆంజెలో పోయాడని తెలిసిన రాత్రి ‘వూడూ’ మొదటి నుంచి చివరిదాకా విన్నాను. అటక మీది బేస్ దింపింది అప్పుడే. 2000 జనవరిలో వచ్చిన ఆల్బమ్ ఇది. న్యూయార్క్‌లో జిమి హెండ్రిక్స్ కట్టించుకున్న ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలో, టేపు మీద రికార్డు చేశారు. హిప్‌హాప్ నిర్మాత జే డిల్లా డ్రమ్ మెషీన్‌లో దెబ్బల్ని కావాలని అటూ ఇటూ జరిపేవాడు. ఆ తూగుని ఈ ఆల్బమ్ డ్రమ్మర్ క్వెస్ట్‌లవ్ డ్రమ్స్ మీద చేతులతో తెచ్చాడు. పీనో పల్లడీనో బేస్ ఆ దెబ్బ వెనకాల, తొందరే లేనట్టు వచ్చి పడుతుంది.

నేను చేసిన తప్పు ఇక్కడే. వెనకపడాలని చూస్తే లయ మొత్తం జారిపోయేది. నిమిషానికి 72 దెబ్బల వేగంలో మొదలుపెట్టి, పాట అయ్యేసరికి 66కి వచ్చేవాణ్ణి. ఇప్పుడు మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ మాత్రమే మోగేలా పెట్టుకుంటున్నా. పాదం దాన్ని వదలకూడదు, వేలు మాత్రం ఆలస్యం కావాలి. ఫోన్‌లో రికార్డు చేసి, ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో పెద్దది చేసి చూస్తే మొదట్లో ఒక స్వరం 20 మిల్లీసెకన్లు, ఇంకోటి 90 వెనక ఉండేవి. ఇప్పుడు చాలావరకు 30, 50 మధ్య పడుతున్నాయి. అందమంతా ఆ ఆలస్యం ఒకేలా ఉండటంలోనే ఉంది.

స్వరం ఎప్పుడు ఆపాలన్నది ఇంకా కష్టం. స్నేర్ డ్రమ్ దెబ్బ పడేలోపు ఎడమచేతి వేలు తీగ మీంచి పూర్తిగా తియ్యకుండా, ఒత్తిడి మాత్రం వదలాలి. ఆ ఖాళీ దొరికిన రోజు ఒళ్లు జలదరించింది. ఫ్లాట్‌వౌండ్ (పైన నున్నగా ఉండే) తీగలు వేసి, గిన్నెలు తోమే స్పాంజ్‌ని వేలెడు వెడల్పున కోసి బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గర తీగల కింద దూర్చా. టోన్ నాబ్ బాగా తగ్గించా. మోత పోయి, మెత్తని దెబ్బ మిగిలింది.

ఇదే ఆల్బమ్‌లోని ‘స్పానిష్ జాయింట్’ జోలికి ఇప్పట్లో వెళ్లను. అందులో చార్లీ హంటర్ ఎనిమిది తీగల గిటార్ మీద బేసూ గిటారూ ఒక్కడే వాయించాడు! పియానిస్ట్ రాబర్ట్ గ్లాస్పర్, హయాటస్ కయోటీ బృందం పాటల్లో ఈ తూగే వినిపిస్తుంటే ఇప్పుడు చెవి ఠక్కున పట్టేస్తోంది.

వచ్చే వారం ‘ప్లాయా ప్లాయా’, 60లో. స్పాంజ్ ఇంకొంచెం పల్చగా కోయాలి, లావు తీగ మరీ మూగబోతోంది.