కౌన్సిల్ ఉత్తరంలా మాట్లాడే నర్సు

"నువ్వు కౌన్సిల్ నుంచి వచ్చే ఉత్తరంలా మాట్లాడతావు, లవ్" అంది మా వార్డులో ఓ పెద్దావిడ. నవ్వుతూనే అంది. కౌన్సిల్ అంటే ఇక్కడి మునిసిపాలిటీ లాంటిది. ఇంగ్లండ్‌లోని ఈ యార్క్‌షైర్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్ళని కూడా 'లవ్' అనే పిలుస్తారు, అందులో వెటకారం ఏమీ లేదు. అయినా మాట గుచ్చుకుంది. నేనడిగిందల్లా "ఆర్ యూ ఎక్స్‌పీరియన్సింగ్ ఎనీ నాసియా?" అని, అంటే వాంతి వచ్చేలా ఉందా అని. వ్యాకరణంలో వంక పెట్టడానికేముంది? ఆవిడ మాత్రం "ఐ బ్రాట్ మై టీ బ్యాక్ అప్" అని తేల్చేసింది. టీ అంటే ఇక్కడ సాయంత్రం భోజనం. తిన్నదంతా కక్కేసుకుందన్నమాట.

ఇందులో మా తప్పేముందో నాకర్థం కాదు. నేను పరీక్ష రాసినప్పుడు బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలంటే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో చదవడం, వినడం, మాట్లాడటం, ఒక్కోదాంట్లో 7 రావాలి, రాయడంలో 6.5. దానికోసం అమీర్‌పేట కోచింగులో మాకు మొదట నేర్పిందే 'ఫైండ్ అవుట్' కొట్టేసి 'డిస్కవర్' రాయమని, 'పుట్ ఆఫ్' తీసేసి 'పోస్ట్‌పోన్' పెట్టమని. ఇలా క్రియకి 'అవుట్', 'ఆఫ్' లాంటి చిన్నమాట తగిలించిన ఫ్రేజల్ వెర్బు కనబడితే చాలు, ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేవారు. అలా ఏరి పారేసినవన్నీ నాకంటే ముందే విమానం దిగి వార్డులో కూర్చున్నాయి.

ఒక్క 'గో ఆఫ్' సంగతే చూడండి. రోగికి అన్నం సయించకపోతే 'గాన్ ఆఫ్ హిజ్ ఫుడ్'. సెలైన్ పంపు అలారం మోగితే 'గోయింగ్ ఆఫ్'. స్టాఫ్ రూము ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతే అవీ 'గాన్ ఆఫ్'. ఇవన్నీ ఒకే షిఫ్టులో వినాలి. ఆపరేషన్ తర్వాత మత్తు వదిలినా 'కమ్ రౌండ్', పక్కింటివాళ్ళు పలకరించడానికి ఇంటికొచ్చినా 'కమ్ రౌండ్'. అయితే మోకాలు 'ప్లేయింగ్ అప్' అని ఓ ముసలాయన అన్నప్పుడు మాత్రం ముచ్చటేసింది. అల్లరి చేసే పిల్లల్నీ ఇదే మాట అంటారు. బురదలో ఎద్దు మొరాయించినట్టు ఆయన మోకాలు మొరాయిస్తోంది!

1755లో నిఘంటువు అచ్చువేసిన శామ్యూల్ జాన్సనే, క్రియలకి ఇలా తోకలు తగిలించడం పరదేశులకి అన్నిటికంటే కష్టమని ముందుమాటలో రాసుకున్నాడు. అంతకాలంగా తెలిసిన సంగతేగా, మరి మాతో ఆ తోకలు కత్తిరింపించడమెందుకో.

కాకినాడలో పనిచేసేటప్పుడు నేనెవరినైనా "మీకు వమనేచ్ఛ కలుగుచున్నదా" అని అడిగానా? "కడుపులో తిప్పుతోందా మామ్మగారూ" అంటాం. "దొడ్డికి సాఫీగా అవుతోందా" అంటాం. ఆ భాష ఏ నర్సింగ్ స్కూల్లోనూ చెప్పలేదు, మా నాయనమ్మ నోట విన్నది. జ్వరమొచ్చి పడుకుంటే నుదుటి మీద చెయ్యేసి నాతో ఇంగ్లీషు మాట్లాడినవాళ్ళెవరూ లేరు. అది క్లాసులో మొదలై పరీక్ష హాల్లో ఆగిపోయింది. ఆ పెద్దావిడ అన్నది నిజమేనేమో, కానీ ఆవిడకి రెండో భాష ఒక్కటైనా వచ్చుంటే అంత తేలిగ్గా అనేది కాదు.

అన్నింటికీ నేను తలొగ్గలేదు లెండి. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2014' అంటే ఇక్కడ కళ్ళు తిరిగి పడిపోయామని అర్థం, మనకేమో చదువు పూర్తయిందని. దిద్దుకోమని మనవాళ్ళే సలహాలిస్తారు. ఎందుకు దిద్దుకోవాలి? దేశమంతా ఒక అర్థంలో వాడుతుంటే అది తప్పెలా అవుతుంది? ఇక్కడి సైన్యంలోనూ ట్రైనింగ్ ముగిసిన రోజు చేసే కవాతుని పాసింగ్ అవుట్ పెరేడ్ అనే అంటారు. వరసగా అందరూ మూర్ఛపోతారని ఎవరూ అనుకోరు.

ఒక్కచోట మాత్రం లెక్క తిరగబడుతుంది. మనిషి పోయినప్పుడు అయినవాళ్ళతో 'పాస్డ్ అవే' అనకూడదని, 'డైడ్' అని సూటిగా చెప్పాలని ట్రైనింగులో చెబుతారు. మెత్తగా చెబితే విన్నవాళ్ళకి సరిగ్గా ఎక్కదట, ఇంకా ఆశ పెట్టుకుంటారట. కారణం సబబే. కానీ నాకు నోరు రాదు. మన దగ్గర 'పోయారు' అంటాం, పెద్దవాళ్ళయితే 'కాలం చేశారు' అంటాం. 'మీ అమ్మ చచ్చిపోయింది' అని కూతురి మొహం మీద అనగలమా? ఇక్కడ అంటాను, డ్యూటీ కాబట్టి. అని, ఆవిడకి మాట అందిందని తెలిశాక, చెయ్యి పట్టుకుని "షీ పాస్డ్ అవే పీస్‌ఫుల్లీ" అని ఒకటి నా సొంతంగా కలుపుతాను. దానికి మార్కులు తగ్గిస్తే తగ్గించుకోనివ్వండి.