కార్డు మారింది, పాత డ్రైవర్ పోలేదు

ఆరేళ్లు ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు వాడి, నిన్న ఏఎండీకి మారాను. బిగించడం పది నిమిషాల పని. పాత డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) తీసేయకుండానే కొత్తది ఎక్కించేశాను, అదీ నా తెలివి! గేమ్ తెరిస్తే చాలు, స్క్రీన్ నల్లబడిపోయేది. కార్డే పోయిందేమోనని రాత్రంతా టెన్షన్.

పొద్దున్నే నెట్ తీసేసి (లేకపోతే విండోస్ తనంతట తానే ఏదో డ్రైవర్ ఎక్కించేస్తుంది), సేఫ్ మోడ్‌లో (విండోస్ కనీస హంగులతో నడిచే పద్ధతి) డీడీయూ అనే డ్రైవర్లు తీసేసే ప్రోగ్రాంతో పాతవన్నీ ఊడ్చేసి మళ్లీ మొదలుపెట్టాను. దెబ్బకి కుదురుకుంది.

గేముల్లో వేగం పెంచే ఎన్విడియా టెక్నిక్ డీఎల్ఎస్ఎస్ పోయి, అలాంటిదే ఏఎండీ వాళ్ల ఎఫ్ఎస్ఆర్ మిగిలింది. అదేం పెద్ద లోటనిపించలేదు. 3డీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో మాత్రం, రెండరింగ్ పని కార్డుకు అప్పగించే ఎన్విడియా వాళ్ల ‘కూడా’ (CUDA) కూడా ఇక పనిచేయదు! సెట్టింగుల్లో ఏఎండీ కార్డుల కోసం హిప్ (HIP) అని ఉంటే దాన్నే ఎంచుకున్నాను.

పాత కార్డు ఇంకా టేబుల్ మీదే ఉంది. పెట్టెలో సర్దబుద్ధి కావడం లేదు.