బట్టీ మానేశాకే మైకు భయం వదిలింది

మొన్న గురువారం మాదాపూర్‌లో మా రంగం వాళ్ల సదస్సులో 20 నిమిషాలు మాట్లాడి దిగాను. హాలు నిండా జనం, ముందు వరుసలో మా పెద్ద సార్లు. చెప్పాలనుకున్నది చెప్పాను, ప్రశ్నలకు నిలబడి జవాబిచ్చాను. ఆ ఊపులోనే ఇది రాస్తున్నాను. పని బాగా వచ్చి ఉండి, పదిమందిలో లేచి నిలబడితే నోరు పెగలని వాళ్లు మన హైదరాబాద్‌లో ప్రతి ఆఫీసులోనూ ఉన్నారు. వాళ్లకు దొరికే సలహాల్లో సగం భయాన్ని పెంచేవే. అందుకే కాస్త కోపంగానే రాస్తాను.

ఈ భయం పోగొట్టుకుందామని మొదట అమీర్‌పేటలో ఒక శిక్షణ కేంద్రంలో చేరాను. ఫీజు మొత్తం ముందే కట్టించుకున్నారు. చేతిలో పేజీన్నర ఇంగ్లీషు వ్యాసం పెట్టి, రేపటికి మాట పొల్లుపోకుండా అప్పజెప్పమన్నారు. మర్నాడు ఒక్కొక్కరినీ ముందుకు పిలిచారు. మధ్యలో ఆగిపోయినవాళ్లు గుర్తొచ్చేదాకా అక్కడే నిలబడాలి. కూర్చున్నవాళ్లు నవ్వుతుంటే ట్రైనర్ ఆపడు. ‘సిగ్గు పోతేనే భయం పోతుంది’ అంటాడు. నేనూ అలా నిలబడ్డాను. నాతోపాటు నిలబడ్డ నల్గొండ అమ్మాయి మళ్లీ క్లాసుకే రాలేదు. ఆమె మాట్లాడలేని మనిషి కాదు. బయట చాయ్ బండి దగ్గర మా అందరికంటే చక్కగా మాట్లాడేది.

అలా నిలబెడితే భయం పోదు. భయం తగ్గాలంటే భయపడ్డచోట ఒక చిన్న పని సజావుగా జరిగి, ‘ఏమీ కాలేదు’ అని ఒంటికి తెలిసిరావాలి. నవ్వుల మధ్య బిక్కచచ్చి నిలబడ్డ మనిషికి తెలిసొచ్చేది దానికి సరిగ్గా వ్యతిరేకం. అసలు ఆ మతిమరుపు తెచ్చిపెట్టేదే బట్టీ. వచనాన్ని మాటకు మాట కంఠస్థం చేస్తే ప్రతి మాటా తర్వాతి మాటకు కొక్కెం అవుతుంది. ఒక్క కొక్కెం ఊడితే వెనకదంతా జారిపోతుంది. భయంలో ఉన్నప్పుడు అప్పటికప్పుడు ఆలోచించి అతికించుకునే శక్తి తగ్గిపోతుంది కాబట్టి, ఊడినచోట మళ్లీ తగిలించుకోవడం చేతకాదు.

మరి అవధాని పద్యాలన్నీ ధారణలో ఎలా అప్పజెప్తారని అడగొచ్చు. పద్యానికి ఛందస్సు ఉంది. ఉత్పలమాల అయితే పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం దగ్గర, ప్రాస రెండో అక్షరం దగ్గర. ఒక మాట జారినా అక్కడ ఏ జాతి అక్షరం రావాలో, ఎన్ని మాత్రలు పట్టాలో పద్యమే పట్టిస్తుంది. ఆఫీసు ప్రెజెంటేషన్‌కు యతీ లేదు, ప్రాసా లేదు. దాన్ని పద్యంలా మోయాలనుకోవడమే ప్రమాదం. ఇది మనకు బడిలోనే అంటుకుంటుంది. ఆగస్టు 15 వక్తృత్వ పోటీకి టీచరు రాసిస్తారు, పిల్లలు కళ్లు పైకప్పుకేసి పెట్టి ఒక్క గుక్కలో వల్లిస్తారు, తడబడనివాళ్లకు బహుమతి. పిల్లలున్నవాళ్లు దయచేసి ఇది ఆపండి. వాళ్లకు తెలిసిన సంగతి రెండు నిమిషాలు వాళ్ల మాటల్లో చెప్పనివ్వండి చాలు.

బట్టీ బదులు చేయాల్సింది ఇది. చెప్పేదాన్ని నాలుగు మజిలీలుగా విడగొట్టుకోవాలి. పావుగంటకు నాలుగు, మహా అయితే అయిదు. ఉదాహరణకు మీ అపార్ట్‌మెంట్ మీటింగులో ఇంకుడు గుంత గురించి మాట్లాడాలనుకోండి. ఒకటి, ట్యాంకర్లకు నెలనెలా ఎంత పోస్తున్నాం. రెండు, బోరు ఎందుకు ఎండింది. మూడు, గుంత ఎక్కడ, ఎంత లోతు. నాలుగు, ఖర్చెంత, ఫ్లాటుకు ఎంత పడుతుంది. మజిలీలు మారకూడదు, మధ్యలో మాటలు మాత్రం ప్రతిసారీ మారాలి. మూడోసారి సాధన చేస్తున్నప్పుడూ అవే వాక్యాలు వస్తున్నాయంటే మళ్లీ బట్టీలోకి జారుతున్నట్టు లెక్క. కంఠతా రావాల్సినవి మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు, అంతే. గుండెదడ ఎక్కువగా ఉండేది మొదటి నిమిషంలో కాబట్టి అక్కడ ఆలోచించే అవసరం రాకూడదు. చివర కూడా తెలిసి ఉంటే, ‘ఇంతటితో ముగిస్తున్నాను’ అని మూడుసార్లు అనే బాధ తప్పుతుంది.

సాధన కుర్చీలో కూర్చుని మనసులో చేస్తే లాభం లేదు. నిలబడి, గొంతెత్తి, గడియారం పెట్టుకుని చెప్పాలి. ఒకే రాత్రి పదిసార్లు చెప్పడంకన్నా మూడు నాలుగు రోజులపాటు రోజుకు రెండుసార్లు మేలు. మాట ఆగిపోవడాన్ని కూడా సాధన చేయాలి. ఇది ఏ కోచింగ్‌లోనూ చెప్పలేదు నాకు. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి, వాళ్లకు తోచినప్పుడు చప్పట్లు కొట్టమనండి. చప్పుడు వినగానే ఉన్నచోటే ఆగి, ఒక శ్వాస తీసుకుని, తర్వాతి మజిలీ నుంచి అందుకోవాలి. మరుసటిరోజు మూడో మజిలీతో మొదలుపెట్టి చివరిదాకా వెళ్లాలి. ఎక్కడినుంచైనా అందుకోగలమని తెలిశాక ఆగిపోతామన్న భయంలో పస ఉండదు.

వేదిక మీద నిజంగానే ఆగిపోతే చేయాల్సిన పనుల వరుస ఇది. క్షమించమని అడగొద్దు. నోరు మూసుకుని ముక్కుతో శ్వాస తీసుకోండి. నీళ్లు పక్కనే ఉంటే ఒక గుక్క తాగండి. మీరు చెప్పిన చివరి వాక్యాన్నే నెమ్మదిగా మళ్లీ చెప్పండి, చాలాసార్లు తర్వాతిది దానంతటదే వస్తుంది. రాకపోతే కార్డు చూసి తర్వాతి మజిలీకి వెళ్లిపోండి. మధ్యలో ఏం వదిలేశారో మీకు తప్ప ఎవరికీ తెలియదు, మీ కాగితం వాళ్ల దగ్గర లేదు. మూడు నాలుగు సెకన్ల మౌనం చెప్పేవాళ్లకే యుగంలా ఉంటుంది. వినేవాళ్లు దాన్ని ముఖ్యమైన మాటకు ముందు విరామం అనుకుంటారు.

కార్డు అన్నాను, ఏ4 కాగితం అనలేదు. పల్చటి పెద్ద కాగితం చేతి వణుకును పదింతలు చేసి హాలంతటికీ చూపిస్తుంది, మైకు పక్కన గరగరలాడుతుంది కూడా. పోస్టుకార్డు సైజు గట్టి అట్టముక్కలు తీసుకుని, మజిలీకి ఒకటి చొప్పున, పేర్లూ అంకెలూ మాత్రమే లావుగా రాసుకుని, మూలన నంబరు వేసుకోండి. కింద పడితే ఆ నంబరే కాపాడుతుంది. లేజర్ పాయింటర్‌దీ ఇదే గోల. చేయి ఇసుమంత వణికినా తెర మీద చుక్క గంతులేస్తుంది. మోచేయి ఒంటికి ఆనించి పట్టుకోండి, లేదా స్లైడులోనే బాణం గుర్తు పెట్టుకుని పాయింటర్ మానేయండి.

దడ, చెమట, నోరు ఎండిపోవడం, ఇవన్నీ అడ్రినలిన్ పని. పూర్తిగా ఆపలేం, దించగలం. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఏడెనిమిది అంకెలు లెక్కపెట్టేంతసేపు విడవాలి. విడిచేది పొడుగ్గా ఉంటేనే గుండె వేగం తగ్గుతుంది. గట్టిగా పీల్చి బిగబడితే ఉల్టా అవుతుంది. మీ పేరు పిలవడానికి ముందు రెండు నిమిషాలు చేస్తే చాలు. సభకు ముందు ఇరానీ చాయ్ మీద చాయ్ తాగొద్దు, కెఫీన్ ఆ వణుకుకు తోడవుతుంది. మామూలు నీళ్లు గుక్కెడు గుక్కెడు తాగండి. ప్రొప్రనలాల్ మాత్ర వేసుకుంటే భయం పోతుందని పక్క సీటువాళ్లు చెప్తారు. అది గుండె వేగాన్ని తగ్గించే మందు, ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రమాదకరం, డాక్టరు రాయకుండా ముట్టుకోకూడదు. వేదిక అనే కాదు, నలుగురితో భోజనానికి కూర్చోవాలన్నా వణుకొస్తుంటే అది వేరే సంగతి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416కు చేయండి, డబ్బులు పడవు.

నాకు పనికొచ్చిన చోటు టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బు, అంటే సభ్యులే ఒకరి ముందు ఒకరు మాట్లాడి సాధన చేసుకునే చోటు. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన పద్ధతి ఇది. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఐటీ కంపెనీల్లో ఇలాంటి క్లబ్బులున్నాయి. అతిథిగా వెళ్లి ఒక సమావేశం చూసి తర్వాత చేరొచ్చు. మొదట టైమర్ పని అడగండి. మీ పని ఏమిటో అర నిమిషం చెప్పి, మాట్లాడేవాళ్లకు సమయం తెలిసేలా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కార్డులు చూపించడమే. తర్వాత అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు. ఆ తర్వాతే 4 నుంచి 6 నిమిషాల మొదటి ప్రసంగం. ‘ఆ... ఊ... సో... అన్నమాట’ ఎన్నిసార్లు దొర్లాయో లెక్కపెట్టడానికి ఒకరుంటారు. లెక్క చదివేటప్పుడు గుచ్చుకుంటుంది గానీ ఎవరూ నవ్వరు. ఒక్కటే లోటు, మెప్పు మరీ ఎక్కువ. అందుకని మీ ప్రసంగాన్ని ఫోనులో వీడియో తీసి, ఒకసారి శబ్దం ఆపి చేతులూ కళ్లూ చూసుకోండి, ఇంకోసారి తెర చూడకుండా గొంతు వినండి.

యాస గురించి ఒక మాట. ‘ఆ తెలంగాణ యాస మార్చుకో, సీమ యాస మార్చుకో’ అనే ట్రైనర్ల దగ్గర ఒక్క క్షణం ఆగొద్దు. అమ్మ నేర్పిన మాటకు కాపలా కాస్తూ కూర్చుంటే చెప్పే సంగతి మీద మనసు నిలవదు. సరిచూసుకోవాల్సింది వేగం. ఇంగ్లీషుకు చెప్పే నిమిషానికి 130, 150 మాటల లెక్క తెలుగుకు పనికిరాదు, మన మాటలు ప్రత్యయాలతో పొడుగ్గా సాగుతాయి. వాక్యం చివర క్రియ నీరసంగా మింగేస్తున్నారేమో అదీ చూసుకోండి. తెలుగులో ‘చేశాం’, ‘చేయలేదు’ తేలేది ఆ చివరే. అది వినపడకపోతే వాక్యమే వినపడనట్టు.

ఇక మైకు. అరగంట ముందు వెళ్లి, ‘అన్నా, ఒక్క నిమిషం చెక్ చేసుకుంటా’ అని మైకు చూసే అతన్ని అడగండి. సంతోషంగా ఒప్పుకుంటారు, చాలామంది వక్తలు వాళ్లను పలకరించను కూడా పలకరించరు. చేతి మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కాస్త పక్కకు వాల్చి పట్టుకోవాలి. సూటిగా పెడితే ప, బ, భ దగ్గర గాలి కొట్టి ‘ఢబ్’ మంటుంది. పైనున్న జాలీని గుప్పిట్లో మూయకూడదు. మూస్తే మైకు అన్ని వైపుల శబ్దాన్నీ లాక్కుని కుయ్‌మంటుంది. సౌండు బాక్సుల ముందుకు నడిచినా అంతే. తట్టడం, ఊదడం వద్దు, రెండు వాక్యాలు మాట్లాడి చూడటమే పరీక్ష. తల పక్కకు తిప్పినప్పుడు మైకు కూడా గడ్డంతోపాటు తిరగాలి.

స్లైడుల గురించి క్లుప్తంగా. డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు, అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్ కాదు, ఆ ఫాంట్లు లేని ల్యాప్‌టాప్‌లో పిచ్చి అక్షరాలవుతుంది. యూనికోడ్‌లో చేసి, పీడీఎఫ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. ఒత్తులు కిందికీ గుణింతాలు పైకీ ఉంటాయి కాబట్టి తెలుగు అక్షరం 32 సైజుకు తగ్గకూడదు. పవర్‌పాయింట్‌లో స్లైడులు చూపిస్తున్నప్పుడు కీబోర్డు మీద బి నొక్కితే తెర నల్లబడి చూపులన్నీ మీ వైపు తిరుగుతాయి, మళ్లీ నొక్కితే వెలుగుతుంది.

ప్రశ్న అడిగితే ముందు దాన్ని మైకులో మళ్లీ చెప్పండి. వెనక వరుసకు వినపడుతుంది, మీకు ఆలోచించే వ్యవధి దొరుకుతుంది. తెలియకపోతే ‘తెలుసుకుని చెప్తాను’ అని వాళ్ల ఫోను నంబరు తీసుకోవడమే మర్యాద. ప్రశ్న పేరుతో ప్రసంగం మొదలుపెట్టే పెద్దమనిషి మన సభల్లో తప్పకుండా ఒకరుంటారు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసేవారికి అవధాని ఒక్క మాటలో జవాబిచ్చి పద్యంలోకి వచ్చేస్తారు చూడండి, అదే పద్ధతి. ‘మీ అనుభవం పెద్దది సార్, కిందికి దిగాక తప్పకుండా వింటాను’ అని ఇంకోవైపు తిరిగి ‘తర్వాత ఎవరు?’ అనేయండి.

చివరిది, హైదరాబాద్‌లో దీనికి సిద్ధపడకపోతే మిగతా సాధనంతా వృథా. నిర్వాహకులు 15 నిమిషాలంటారు. ముఖ్య అతిథి ట్రాఫిక్‌లో ఇరుక్కుని గంట ఆలస్యంగా వస్తారు. శాలువాలూ జ్ఞాపికలూ అయ్యేసరికి మీ చెవిలో ‘అయిదు నిమిషాల్లో ముగించండి’ అంటారు. అప్పుడు వేగం పెంచి పదిహేను నిమిషాలదీ అయిదులో కుక్కితే గొంతు, గౌరవం రెండూ పోతాయి. ఇంటి దగ్గరే అయిదు నిమిషాల ప్రసంగం ఒకటి విడిగా సాధన చేసి పెట్టుకోండి. మొదటి రెండు వాక్యాలు, నాలుగింటిలో ఒకే ఒక్క మజిలీ, చివరి రెండు వాక్యాలు. ఇంకుడు గుంత సంగతిలో అయితే ఖర్చు మజిలీ ఉంచి మిగతావి వదిలేయాలి, జనం అడగబోయేది దాన్నే. వేదిక మీది పెద్దలను పేరుపేరునా సంబోధించడం కూడా మానేయండి. ఒక పేరు మర్చిపోతే ఒకరికి కోపం, వరుస తప్పితే ఇంకొకరికి. ‘వేదిక మీది పెద్దలకు, సభకు నమస్కారం’ అనేసి విషయంలోకి దిగండి. ఏ మజిలీ ఉంచాలో గుర్తుండేలా దాని కార్డు మీద ఎర్ర పెన్నుతో చుక్క పెట్టుకుని, జేబులో దాన్ని పైన ఉంచండి.