మిద్దె మీద పసుపు: జూన్ నుంచి మార్చి దాకా

జూన్ 8, 2024. దుగ్గిరాల నుంచి తెచ్చిన విత్తన దుంపలు ఈరోజు పెట్టాను. మా తెనాలి మిద్దె మీద పది గ్రో బ్యాగులు, ఒక్కోటి అడుగు లోతు. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, బ్యాగుకు గుప్పెడు వేపపిండి. రెండు కళ్లున్న ముక్కలు బ్యాగుకు రెండు చొప్పున, రెండు అంగుళాల లోతున. ప్రార్థన చేసి పెట్టాను. మా ఆయన ఉద్యోగం పోయి ఇవాళ్టికి నెల.

జూన్ 30. ఏడింట్లో మొలకలు వచ్చాయి. మూడింట్లో ఏమీ లేదు.

జూలై 6. ఆగలేక ఆ మూడింట్లో ఒకదాన్ని వేలితో కెలికాను. తెల్లటి మొలక మట్టికి అర అంగుళం కిందే ఉంది. నా గోరు తగిలి విరిగిపోయింది. రెండు రోజులు ఓపిక పడితే అదే బయటికి వచ్చేది. రోజంతా బాధగానే ఉంది, ఎందుకంటే ఇంట్లోనూ నేను చేస్తున్నది ఇదే. ఆయన ఇంటర్వ్యూ నుంచి వస్తే చాలు, "ఏమన్నారండీ, ఎప్పుడు చెప్తారట" అని గంటకోసారి అడుగుతాను. దేవుడికి అప్పగించానంటాను, ఆమేన్ అనగానే ఆ టెన్షన్ మళ్లీ నెత్తిన పెట్టుకుంటాను.

రాత్రి కుటుంబ ప్రార్థనలో బైబిల్‌లోని యాకోబు పత్రిక 5వ అధ్యాయం చదువుకున్నాం. రైతు తొలకరి వాన కోసం, కడవరి వాన కోసం ఓపికతో కాచుకునే మాట అందులో ఉంది. తొలకరి అంటే నాకు మన జూనే గుర్తొచ్చేది. బైబిల్ నాటి ఇశ్రాయేలు దేశంలో మాత్రం తొలి వానలు అక్టోబర్, నవంబర్‌లలో, కడవరి వానలు మార్చి, ఏప్రిల్‌లలో పడతాయి. మధ్యలో అన్ని నెలలూ ఆ రైతు చేనికి కాపలా ఉన్నాడే గాని, గింజను తవ్వి చూసుకోలేదు.

జూలై 19. మిగతా రెండూ వాటంతటవే మొలిచాయి. విరిగినదానికి ఇంకో కంటి నుంచి మొలక వచ్చింది. ప్రభువుకు స్తోత్రం.

సెప్టెంబర్ 3. మొన్నటి కుండపోతకు రెండు బ్యాగుల్లో నీళ్లు నిలిచి దుంపకుళ్లు వచ్చింది. కాండం పట్టుకుంటే ఊడి వచ్చేసింది. రెండూ తీసేశాను. అడుగు రంధ్రాలు మట్టితో మూసుకుపోయాయి, నేను చూసుకోలేదు. వాన ఇచ్చేది దేవుడే, రంధ్రాలు చూసుకోవాల్సింది మాత్రం నేనే. మిగతా ఎనిమిదింటినీ ఇటుకల మీదకు ఎక్కించాను.

నవంబర్ 10. ఇప్పటికి రెండుసార్లు మట్టి ఎగదోశాను, ఎండుటాకులు కప్పాను. ఆయనకు ఒక కొట్లో లెక్కలు రాసే పని దొరికింది. మేం అడిగింది ఇది కాదు, జీతమూ తక్కువే. కానీ పాప ఫీజు గడువులోపే కట్టగలిగాం.

ఫిబ్రవరి 22, 2025. ఆకులు ఎండి వాలిపోయాయి. నీళ్లు ఆపి పది రోజులైంది, ఈరోజు తవ్వాను. మొత్తం ఐదు కిలోల ఆరు వందల గ్రాములు. మొలక విరిగిన బ్యాగులో మూడు వందల గ్రాములే. పుల్ల సులువుగా దిగేదాకా, దాదాపు ముప్పావుగంట ఉడికించి మిద్దె మీదే ఆరబెట్టాను.

మార్చి 9. ఎండాక కిలో రెండు వందలు. చేత్తో విరిస్తే టప్పుమంటోంది. సగం మందిరంలో వంటకు ఇచ్చాను.

కోరుకున్న ఉద్యోగం ఇంకా రాలేదు. రోజూ అడుగుతూనే ఉన్నాం, నేను మా ఆయన్ని కాదు, ఇద్దరం కలిసి దేవుణ్ణి. ఉడకబెట్టకముందే విత్తనానికి పదహారు దుంపలు తీసి, నీడలో ఇసుక పరిచి పైన పసుపు ఆకులు కప్పి ఉంచాను. జూన్‌లో పెడతాను.