గీత నిలబడింది! (పళ్లెంలో రాళ్ల తోటతో నా అనుభవం)

నిన్న రాత్రి చివరి గీత గీసి ఊపిరి బిగబట్టి చూశాను. గీత గీతలాగే ఉంది, కూలిపోలేదు. నెల రోజుల్లో ఇదే మొదటిసారి. ఆ ఊపులోనే రాస్తున్నాను.

నేను చేద్దామనుకున్నది కరేసన్సుయి. నీళ్లు లేకుండా రాళ్లతో కొండలు, గులకలో గీతలు గీసి నీళ్లు చూపించే జపాన్ తోట. దాన్ని పళ్లెమంత సైజులో చేయాలని. పళ్లెం ఒక్క పూటలో అయిపోయింది. అంచున్న చెక్క ట్రే, లోపల నల్లరంగు.

పరువు పోయింది ఇసుక దగ్గర.

ఆన్‌లైన్‌లో తెప్పించిన కిట్‌లో తెల్లటి ఇసుక వచ్చింది, పిండిలా మెత్తగా. గీత గీస్తే చాలు, రెండు పక్కల నుంచీ జారి పూడిపోయేది. తడిపితే నిలబడింది కానీ ఆరాక పెచ్చులు లేచింది. చెప్పుకోవడానికి సిగ్గే కానీ, జిగురు కూడా కలిపాను. పలకలా బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే మా బావ వచ్చి, "ఇల్లేమైనా కడుతున్నావా, ఇసుక మిగిలిందా?" అని అడిగాడు. అక్క నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

కిట్ అమ్మినవాళ్లకు ఫొటోలు పంపాను. వాళ్ల జవాబు: మనసు ప్రశాంతంగా ఉంటేనే గీతలు నిలుస్తాయట, రోజూ పది నిమిషాలు సాధన చేయాలట! నేను చేశాను కూడా. వారం పాటు కళ్లు మూసుకుని కూర్చున్నాను. సరుకు బాగాలేనప్పుడు కొన్నవాడి మనసు బాగాలేదనడం ఎంత సులువో చూడండి.

అసలు సంగతి తర్వాత తెలిసింది. క్యోటో గుళ్లలో గీతలు గీసేది మెత్తటి ఇసుకలో కాదు. సంప్రదాయంగా వాడేది షిరకావా ప్రాంతపు తెల్ల గ్రానైట్ గులక. దాని పేరు 'షిరకావా-సునా'లో 'సునా', అంటే ఇసుక, అని ఉంటుంది కాబట్టి నాలాంటివాళ్లు మోసపోతారు. ఆ రేణువులు కోణాలతో గరుకుగా ఉండి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. గుండ్రటి సన్న ఇసుక దొర్లిపోతుంది. ఇందులో ధ్యానం పాత్ర ఏమీ లేదు.

రాళ్లు కొట్టేచోట మిగిలే తెల్ల రాతి నలుసు తెచ్చి రెండు జల్లెళ్లతో జల్లించాను. పెద్ద జల్లెడలో దిగి, టీ వడపోతలో ఆగినదే పనికొచ్చింది. పొడిగా మాత్రం జల్లించకండి, రాతిధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. నీళ్లలో కడుగుతూ జల్లించి, నీళ్లు తేటపడ్డాక ఎండబెట్టాను. రెండు సెంటీమీటర్ల మందాన పరిచాను. పాత దువ్వెనలో రెండేసి పళ్లు విరిచి, ఒకటి వదిలి, మళ్లీ రెండు విరిస్తే గీతలు వేసే దంతె తయారు. పళ్ల మధ్య సందు నలుసు కన్నా చాలా పెద్దది ఉండాలి, లేకపోతే గీతకు బదులు గీరుడే.

ఇక రాళ్లు. ఒకే ఎత్తు రాళ్లు మూడు నిలబెడితే అచ్చం ఊడిన పళ్లలా కనిపించాయి. 11వ శతాబ్దపు జపాన్ తోటల గ్రంథం 'సకుతేయికి' రాయి కోరినట్టు నడుచుకోమంటుంది. నా రాయి పడుకోవాలని కోరుకుంది, నేనే వినలేదు. ఒకదాన్ని పడుకోబెట్టి, ఒకదాన్ని నిలబెట్టి, మూడోదాన్ని వెనక సగం దాచాను. క్యోటోలోని ర్యోఆన్-జి గుడి తోటలో 15 రాళ్లున్నా, వరండాలో ఎక్కడ కూర్చున్నా ఒకటైనా కనపడదంటారు. నేను కాపీ కొట్టింది ఆ దాచడాన్నే. రాయి అడుగు కనిపించకుండా నలుసులో పాతగానే కింద ఇంకా కొండ ఉన్నట్టు అనిపించింది. చాలా బాగుంది, నేనే అంటున్నాను.

బావ రేపు వస్తానన్నాడు. పళ్లెం మీద గాజు మూత పెట్టాను. ఫ్యాన్ గాలికని చెప్తాను కానీ, నిజానికి అది బావ వేలికి.