ఒక మిల్లీమీటరు తేడా

రేడియాలజిస్టుగా నా పనిలో పెద్ద భాగం కొలవడమే. ముదిరిన మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని పురిగొల్పే చికిత్స) తీసుకుంటున్న రోగి సీటీ స్కాన్ తెర మీదకు రాగానే, మూడు నెలల కిందటి స్కాన్‌ను పక్కన తెరిచి, ఊపిరితిత్తిలో ఉన్న గడ్డను రెండింటిలోనూ వెతికి పట్టుకుని, అది అన్నిటికంటే పొడవుగా కనిపించే చోట ఈ అంచు నుంచి ఆ అంచుకు గీత గీస్తాను. ఈ మధ్య చూసిన ఒక గడ్డ అప్పుడు 18 మిల్లీమీటర్లు, ఇప్పుడు 23. అదే గీతను పక్క గదిలోని సహోద్యోగి గీస్తే 22 వచ్చింది. గడ్డ అంచులు ఒకచోట నూలుపోగుల్లా విడిపోయి ఉన్నందువల్ల, ఎక్కడ ఆపాలన్నది కంటి మీద ఆధారపడింది; మా ఇద్దరిలో తప్పు ఎవరిదీ కాదు. అయితే ఆ ఒక్క మిల్లీమీటరు మీదే తీర్పు మారిపోతుంది.

ఎందుకంటే చికిత్సకు గడ్డలు ఎలా స్పందించాయో తేల్చడానికి మేము పాటించే రెసిస్ట్ నియమాలు అలా ఉన్నాయి. 2000లో వచ్చి 2009లో సవరణకు నోచుకున్న ఈ నియమాల ప్రకారం ఒళ్లంతటిలో ఎక్కువలో ఎక్కువ 5 గడ్డలను, ఒక్కో అవయవంలో 2కు మించకుండా ఎంచుకుని, వాటి పొడవులను కూడతాము. ఆ మొత్తం మొదటి కొలత కంటే 30 శాతం తగ్గితే పాక్షిక స్పందన. అంతవరకూ నమోదైన అతి తక్కువ మొత్తం మీద 20 శాతం, అదీ కనీసం 5 మిల్లీమీటర్లు పెరిగితే వ్యాధి ముదిరినట్టు. ఈ రోగికి కొలవదగిన గడ్డ అదొక్కటే కాబట్టి, నా 23 ప్రకారం వ్యాధి ముదిరింది, సహోద్యోగి 22 ప్రకారం నిలకడగా ఉంది.

ఈ నియమాలు కీమోథెరపీ కాలానివి. మందు కణాలను చంపుతుంది, కణాలు చస్తే గడ్డ కుంచించుకుపోతుంది అన్న ఆలోచనకు పొడవు సరిపోయే కొలతే. 2011లో ఇపిలిముమాబ్, 2014లో పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందులు వాడుకలోకి వచ్చాక ఆ లెక్క తప్పడం మొదలైంది. ఈ మందులు క్యాన్సర్ కణాన్ని నేరుగా తాకవు. రోగనిరోధక కణాలకు పడి ఉన్న పగ్గాన్ని వదులు చేస్తాయి. ఆ కణాలు గుంపుగా గడ్డలోకి చొరబడితే వాపు వల్ల గడ్డ కొన్నాళ్లు పెద్దదిగానే కనిపించవచ్చు. అందుకే 2017లో వచ్చిన ఐరెసిస్ట్ మార్గదర్శకాలు, పెరుగుదల కనిపించిన వెంటనే తీర్పు చెప్పకుండా 4 నుంచి 8 వారాల్లో మళ్లీ స్కాన్ తీసి నిర్ధారించుకోమంటాయి. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి: ఈ ఉత్తుత్తి పెరుగుదల కొద్దిమందిలోనే కనిపిస్తుంది. పెరిగిన గడ్డల్లో ఎక్కువ భాగం నిజంగా పెరిగినవే. దీని గురించి చదివి వచ్చే కుటుంబాలు మొదట అడిగేది ఇదే గనుక, ఈ ఆశను ఊరికే పంచిపెట్టడం నాకు సమ్మతం కాదు.

అయితే రెండు రకాల పెరుగుదలనూ బొమ్మలోనే వేరు చేయగలమా? రేడియోమిక్స్ అనే విద్య ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. సీటీ బొమ్మలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. కంటికి ఒకే బూడిద రంగుగా తోచే గడ్డలో ఈ అంకెలు ఎంత గరుకుగా మారుతున్నాయి, అంచు దగ్గర ఎంత హఠాత్తుగా పడిపోతున్నాయి అన్నది కంప్యూటరు లెక్కకట్టగలదు. 2022లో జామా ఆంకాలజీ పత్రికలో వచ్చిన అధ్యయనం పెంబ్రోలిజుమాబ్ ప్రయోగాల్లో పాల్గొన్న 575 మంది మెలనోమా రోగుల స్కాన్‌లను ఇలాగే పరిశీలించింది. చికిత్సకు ముందు, మూడు నెలలకు తీసిన బొమ్మల నుంచి నాలుగే లక్షణాలను ఏరింది. వాటిలో రెండు గడ్డ పరిమాణానికి, రెండు దాని రూపంలో వచ్చిన మార్పుకు చెందినవి. ఆరు నెలలు దాటి బతికేదెవరో చెప్పడంలో ఆ లెక్కకు 0.92, రెసిస్ట్‌కు 0.80 వచ్చింది. ఈ కొలబద్ద మీద 0.5 అంటే బొమ్మా బొరుసూ వేయడంతో సమానం, 1 అంటే ఎన్నడూ పొరబడకపోవడం.

నన్ను ఆలోచనలో పడేసింది 0.92 కాదు, 0.80. నేను విసుక్కునే ఆ పాత గీత మరీ పనికిమాలినదేమీ కాదన్నమాట. పైగా కొత్త లెక్కకు దాని బలహీనతలు దానికున్నాయి. సీటీ ఒంటిని పొరలుగా చూపే ఒక్కో స్లైసు మందం మారితే గరుకుదనం మారుతుంది. కాంట్రాస్ట్ మందు ఎక్కించాక ఎన్ని సెకన్లకు బొమ్మ తీశారన్నది మారితే, కాలేయంలోని మెలనోమా గడ్డ ఒక దశలో తళుక్కుమని, మరో దశలో చుట్టూ ఉన్న కాలేయంలో కలిసిపోవచ్చు. ప్రయోగాల్లో ఇవన్నీ ఒక కట్టుబాటులో ఉంటాయి. రోజువారీ స్కాన్‌లలో అంతగా ఉండవు.

పెట్ స్కాన్ అడిగే ప్రశ్నే వేరు. 110 నిమిషాల అర్ధాయువు గల రేడియోధార్మిక ఫ్లోరిన్-18 తగిలించిన, గ్లూకోజును పోలిన ఎఫ్‌డీజీ అనే పదార్థాన్ని ఎక్కిస్తే, చక్కెరను ఆబగా తినే కణాలు వెలుగుతాయి. చికిత్స మొదలైన ఏడాదికి సీటీలో గడ్డ ఇంకా కనిపిస్తున్నా పెట్‌లో ఏ వెలుగూ లేనివారిలో చాలామందికి వ్యాధి తిరగబెట్టడం లేదని అధ్యయనాలు చూపాయి. అక్కడ మిగిలింది తరచూ మచ్చకట్టిన కణజాలమే. కానీ పెట్ కూడా పొరబడుతుంది. ఇమ్యునోథెరపీ వల్లనే ఛాతీలోని లింఫ్ గ్రంథులు సార్కాయిడోసిస్ అనే, క్యాన్సర్ కాని వాపు జబ్బులో లాగా ఉబ్బి, రెండు వైపులా సమంగా వెలిగితే, దాన్ని వ్యాధి వ్యాప్తిగా చదివే ప్రమాదం ఉంది. మెదడు మామూలుగానే గ్లూకోజు తింటుంది కాబట్టి అక్కడి చిన్న గడ్డలు పెట్‌కు చిక్కవు, ఎంఆర్ఐ కావాలి. మెదడుకు పాకడం ఎంత బరువైన సంగతంటే, వ్యాధి దశల వర్గీకరణ ఎనిమిదో కూర్పులో దానికి ఎం1డీ అనే ప్రత్యేక తరగతి పెట్టారు.

ఆ రోజు రిపోర్టులో రెండు కొలతలూ రాశాను. అంచుల తీరు, కొత్త గడ్డలేవీ లేకపోవడం, రెండు స్కాన్‌లూ ఒకే కాంట్రాస్ట్ దశలో తీసినవన్న సంగతీ చేర్చాను. రోగి ఒంట్లో బాగానే ఉన్నందువల్ల ఆంకాలజిస్టు మందు ఆపలేదు. ఆరు వారాల తర్వాత వచ్చిన స్కాన్‌లో గడ్డ 21 మిల్లీమీటర్లు ఉంది. 18తో పోలిస్తే ఇది స్పందనా కాదు, ముదరడమూ కాదు. ఈసారి సహోద్యోగి గీసిన గీతకు కూడా 21 వచ్చింది.