ప్లిమత్‌లో అమ్మతో ఒక మధ్యాహ్నం

మొన్న శనివారం అమ్మకు మసాచుసెట్స్‌లోని ప్లిమత్ చూపించాను. 1620లో ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లు ఇళ్లు కట్టుకున్న చోటు. నిజానికి అది ఎవరిదీ కాని నేలేం కాదు. అక్కడి మూలవాసులైన వాంపనోగ్‌ల ఊరు, పేరు పటక్సెట్. అంతకు కొన్నేళ్ల ముందే అంటురోగం వచ్చి ఊరంతా తుడిచిపెట్టుకుపోయింది.

మ్యూజియం తోటలో చిన్న మట్టిదిబ్బ మీద మొక్కజొన్న, దాని కాండానికి అల్లుకున్న చిక్కుడు తీగ, కింద నేలంతా కప్పేసిన గుమ్మడి ఆకులు. అమ్మ అక్కడే ఆగిపోయింది. "మనం కందిలో జొన్న వేసినట్టేగా!" అంది. దిబ్బలో చేపల్ని ఎరువుగా పాతడం కొత్తవాళ్లకు నేర్పిన టిస్క్వాంటమ్ అనే వాంపనోగ్ మనిషి ఆ పటక్సెట్ వాడే.

వలస వచ్చినవాళ్లేమో పందుల్ని మేతకు అలా వదిలేశారు. అవి కంచెల్లేని వాంపనోగ్ చేలల్లో పడి మొక్కజొన్న తినేశాయి. తీరంలో వాళ్లు ఏరుకునే ఆల్చిప్పల్నీ తవ్వి తినేశాయి. పంట పోయిందని మొత్తుకుంటే, కంచె వేసుకోమని వాళ్లకే చెప్పారు. భలే న్యాయం!

"పందులెవరివో వాళ్లు కట్టేసుకోవాలి కదరా?" అంది అమ్మ. కారెక్కాక కూడా ఆ కోపం తగ్గలేదు.